నొప్పి దారులు మూసిన వైద్యుడు – డాక్టర్ జార్జి క్రైల్

మన ఇళ్ళలో ఎవరికైనా కడుపు ఆపరేషన్ అంటే ముందుగా అడిగే ప్రశ్న ఆపరేషన్ గురించి కాదు, మత్తు గురించి. పూర్తిగా మత్తు ఇస్తారా, వెన్నుకు ఇంజక్షన్ ఇస్తారా అని అడుగుతాం. పూర్తి మత్తు ఇస్తే మళ్ళీ లేస్తారో లేదో అని ఒక భయం. వెన్నుకు ఇస్తే జీవితాంతం నడుము పట్టేస్తుందేమో అని ఇంకో భయం. ఇక రెండూ కలిపి ఇస్తామని మత్తు డాక్టరు చెబితే సంతకం పెట్టే చేయి వణుకుతుంది. నిద్రపోయిన మనిషికి మళ్ళీ వెన్నులో మందు దేనికి? తెలియని నొప్పికి మందు ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్ళిన మేము చివరకు ఒక రైతు బిడ్డ దగ్గర ఆగాం. వెన్ను ఇంజక్షన్ కనిపెట్టింది ఆయన కాదు. కానీ మనిషికి నిద్ర వేరు, శరీరానికి రక్షణ వేరు, పెద్ద ఆపరేషన్ చేసేటప్పుడు రెండూ కావాలని పట్టుబట్టి, చేసి చూపించినవారిలో మొదటి వరుసలో నిలిచిన వైద్యుడు ఆయన. పేరు డాక్టర్ జార్జి వాషింగ్టన్ క్రైల్.

క్రైల్ 1864 నవంబర్ 11న అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో, కొషాక్టన్ జిల్లాలో చిలీ అనే పల్లె దగ్గర జన్మించారు. పేరు చూసి దక్షిణ అమెరికా దేశం అనుకోకండి, అది ఓహాయోలో ఒక చిన్న ఊరు. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. అబ్రహాం లింకన్ రెండోసారి అధ్యక్షుడిగా ఎన్నికై సరిగ్గా మూడు రోజులైంది. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదవవాడు. అన్నదమ్ములతో పాటు పొలం పని చేస్తూనే బడికి వెళ్ళారు. పై చదువుకు ఇంటి నుంచి డబ్బు వచ్చే దారి లేదు. ఏడా అనే ఊరిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరి, కొన్నాళ్ళు చదువుతూ, కొన్నాళ్ళు పల్లె బడుల్లో పాఠాలు చెబుతూ, ఆ జీతంతో మళ్ళీ చదువు కొనసాగించారు. తరువాత ప్లెయిన్‌ఫీల్డ్ అనే ఊరిలో బడికి ప్రధానోపాధ్యాయుడయ్యారు. ట్యూషన్లు చెప్పి పరీక్ష ఫీజు కట్టుకున్న మన సీనియర్లకు ఈ భాగం వివరించి చెప్పనక్కరలేదు.

ఆ ఊళ్ళోనే ఒక వైద్యుడితో స్నేహం కుదిరింది. ఆయన పుస్తకాలు అరువిచ్చి, రోగులను చూడటానికి వెళ్ళేటప్పుడు ఈ యువ ఉపాధ్యాయుణ్ణి వెంట తీసుకువెళ్ళేవారు. అలా మనసు వైద్యం వైపు తిరిగింది. క్లీవ్‌ల్యాండ్ నగరంలో ఊస్టర్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో చేరి 1887లో పట్టా పొందారు. ఇరవై మూడేళ్ళు నిండకముందే డాక్టరయ్యారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన వెంటనే జరిగింది. తోటి వైద్య విద్యార్థి ఒకరు వీధి ట్రాము కింద పడ్డాడు. రెండు కాళ్ళూ నలిగిపోయాయి. కాళ్ళు తీసివేశారు. క్రైల్ అతని పక్కనే ఉన్నారు. మిత్రుడి ముఖం పాలిపోయింది, చర్మం చల్లబడింది, నాడి దారపు పోగులా సన్నబడి అందకుండా పోయింది. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. వైద్యులు దానికి షాక్ అని పేరు పెట్టారు. పేరైతే ఉంది గానీ అది ఏమిటో, ఎందుకు వస్తుందో, ఎలా ఆపాలో ఒక్కరికీ తెలియదు. పుస్తకాలు వెతికితే పేజీల కొద్దీ వర్ణన ఉంది, వైద్యం లేదు. ఆ ప్రశ్న ఆయన్ను చివరిదాకా వదలలేదు.

అప్పటి ఆపరేషన్లు ఎలా జరిగేవో ఒక్క మాట చెప్పుకోవాలి. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు ప్రదర్శన జరిగాక రోగి అరవడం, పెనుగులాడటం ఆగిపోయాయి. దానితో లోకమంతా నొప్పి సమస్య తీరిపోయిందనే అనుకుంది. శస్త్రవైద్యులు ధైర్యంగా కడుపులు కోయడం మొదలుపెట్టారు. కానీ చక్కగా నిద్రపోయిన రోగులు, నెత్తురు ఎక్కువ పోని రోగులు కూడా బల్ల మీదే షాక్‌లోకి జారిపోయేవారు. తట్టుకున్నవారు లేచాక రోజుల తరబడి వాంతులతో, ఊపిరి తీస్తే పొడిచే నొప్పితో అవస్థపడేవారు. దగ్గలేక ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా వచ్చి చనిపోయేవారు కూడా ఉండేవారు.

క్రైల్ ప్రయోగశాలకు వెళ్ళారు. ఈ భాగం రాయడం మాకు అంత సులువు కాలేదు. ఆయన మత్తు ఇచ్చిన కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఒకటీ రెండూ కాదు, వందకు పైగా. ఏ భాగాన్ని గాయపరిస్తే రక్తపోటు ఎలా పడిపోతుందో గీతలుగా నమోదు చేశారు. ఆ కాలంలోనే దీన్ని నిరసించినవారున్నారు. ఈనాటి నియమాలతో చూస్తే ఆ ప్రయోగాలు చాలావరకు అనుమతి పొందవు. ఆ ఫలితాలన్నీ 1899లో పుస్తకంగా వచ్చాయి. అందులోని విషయం మాత్రం అంతవరకూ ఎవరూ అంత స్పష్టంగా చూపనిది. జంతువు ఎంత గాఢ నిద్రలో ఉన్నా, పేగులను లాగినప్పుడు, కడుపు లోపలి పొరను రుద్దినప్పుడు దాని రక్తపోటు, ఊపిరి మారుతున్నాయి. అంటే నిద్ర మనసుకు మాత్రమే. గాయం వార్త నరాల వెంట లోపలికి వెళుతూనే ఉంది.

అయితే నరాన్నే ముందుగా అడ్డగిస్తే? అప్పటికి కళ్ళ ఆపరేషన్లలో కొకైన్ వాడకం వచ్చి పదేళ్ళు దాటింది. ఆ మందును పెద్ద నరాల మొదట్లో ఎక్కించి చూశారు. నరం మొద్దుబారాక దాని కింది భాగాన్ని కోసినా రక్తపోటు కదల్లేదు. మన భాషలో చెప్పాలంటే, ఈథర్ ఇంటి యజమానిని నిద్రపుచ్చింది గానీ వీధి తలుపు తెరిచే ఉంచింది. నరానికి ఇచ్చిన మందు ఆ తలుపు మూసింది.

ఈ దారిలో ఆయన చేసిన ఇతర పనులే ఒక జీవితానికి సరిపోతాయి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగి రక్తపోటు కొలవాలని అమెరికాలో గట్టిగా వాదించిన ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకరు. ఈ రోజు ప్రతి ఆపరేషన్‌లోనూ చేతికి కట్టే బీపీ పట్టీ వెనుక ఆ వాదన కూడా ఉంది. పడిపోయిన రక్తపోటును నిలపడానికి గాలి నింపే రబ్బరు దుస్తులు తయారు చేయించారు. 1906లో క్లీవ్‌ల్యాండ్‌లో ఒక సోదరుడి రక్తనాళాన్ని మరో సోదరుడి రక్తనాళానికి కలిపి నేరుగా రక్తం ఎక్కించారు. అదే ఏడాది మెడలో క్యాన్సర్ గ్రంథులను ఒక్క ముద్దగా తొలగించే పద్ధతిని ప్రచురించారు.

మన విషయానికి వస్తే, క్రైల్ ఒక్కరే ఈ పని చేయలేదు. 1908లో లేక్‌సైడ్ ఆసుపత్రిలో అగథా హాడ్జిన్స్ అనే నర్సును మత్తు ఇచ్చే పనికి ఎంచుకున్నారు. ఆమె కెనడా దేశస్థురాలు. ఈథర్ ఊపిరితిత్తులను రేపుతుంది, వాంతులు తెస్తుంది. దాని బదులు నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి ఇవ్వాలని వారి ఆలోచన. ఆ వాయువు బలం తక్కువ. కొంచెం ఎక్కువైతే ఆక్సిజన్ అందక ప్రాణాపాయం, కొంచెం తక్కువైతే రోగి కదులుతాడు. ముఖపు రంగు, ఊపిరి తీరు చూస్తూ పాళ్ళు సరిచేయడం హాడ్జిన్స్ చేతికి పట్టుబడింది. తరువాత లేక్‌సైడ్‌లో మత్తు నర్సుల శిక్షణ పాఠశాలను నడిపింది కూడా ఆమే. 1931లో అమెరికా మత్తు నర్సుల సంఘాన్ని స్థాపించారు. క్రైల్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆమెకు ఒక వాక్యంతో సరిపెడతారు. మా లెక్కలో ఆ పద్ధతిలో సగం ఆమెది.

ఆ పద్ధతికి క్రైల్ అనోసి అసోసియేషన్ అనే నోరు తిరగని పేరు పెట్టారు. హాని కలిగించే సంకేతాలు మెదడును చేరకుండా చూడటం అని దాని భావం. 1913లో లాన్సెట్ పత్రికలో వివరించారు, 1914లో డాక్టర్ విలియం లోయర్‌తో కలిసి పుస్తకం వెలువరించారు.

కడుపు ఆపరేషన్‌లో అది ఇలా జరిగేది. ముందుగా భయం పోవడానికి మార్ఫిన్, స్కోపలమిన్ ఇంజక్షన్. రోగి మగతగా, నిమ్మళంగా ఉన్నప్పుడు నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్‌తో నిద్ర. ఇంతవరకూ ఎవరైనా చేసేదే. తరువాత, నిద్రపోయిన ఆ రోగికే, మెలకువగా ఉన్నవాడికి ఇచ్చినట్టు, కోయబోయే చర్మంలోకి నోవొకైన్ మందు ఎక్కించేవారు. చర్మం కోశాక దాని కింది పొరకు మందు. ఆ తరువాత కండరపు పొరకు. చివరకు పేగులను కప్పి ఉంచే సన్నని పొరకు. మందు పెట్టని చోట కత్తి పెట్టేవారు కాదు. పేగులను లాగకుండా, నలపకుండా నెమ్మదిగా పని చేసేవారు. మూసేటప్పుడు గాయానికి కాస్త దూరంగా క్వినైన్, యూరియా కలిసిన మందు ఎక్కించేవారు. దాని ప్రభావం రోజుల తరబడి ఉండేది కాబట్టి ఆపరేషన్ తరువాతి నొప్పి కూడా తగ్గేది. లోపల అంత పని జరుగుతున్నా కడుపు కండరాలు మెత్తగా ఉండేవి, తేలికపాటి నిద్రే సరిపోయేది. చాలామంది వైద్యులు దీన్ని అనవసరపు శ్రమ అన్నారు. నిద్రలో ఉన్నవాడికి సూది గుచ్చడం ఏమిటని నవ్వినవారూ ఉన్నారు. ఈ రోజు మన ఇళ్ళలో అడిగే ప్రశ్నే అది.

ఈ క్రమంలో ఆయన మరో పని చేశారు. థైరాయిడ్ గ్రంథి వాపుతో గుండె దడదడలాడే రోగులు ఆపరేషన్ భయంతోనే ప్రాణం మీదికి తెచ్చుకునేవారు. వారికి రోజూ మంచం దగ్గరే ఉత్తుత్తి మత్తు పట్టించి అలవాటు చేసి, ఒక రోజు చెప్పకుండా నిజమైన వాయువు ఇచ్చి గ్రంథి తీసేసేవారు. గ్రంథిని దొంగిలించడం అని దానికి పేరు వచ్చింది. చాలామంది బతికారు, నిజమే. కానీ తన ఒంటి మీద ఎప్పుడు కత్తి పడుతుందో తెలుసుకునే హక్కు రోగికి లేకుండా చేయడాన్ని మేము మెచ్చుకోలేం. నేటి చట్టాలూ ఒప్పుకోవు.

1915 జనవరిలో క్రైల్ బృందం పారిస్ పక్కన న్యూయీలోని అమెరికన్ ఆసుపత్రికి వెళ్ళింది. హాడ్జిన్స్ కూడా వెళ్ళారు. యుద్ధంలో నలిగిన సైనికులకు ఈ పద్ధతిలో మత్తు ఇచ్చారు, ఇతరులకు నేర్పారు. 1917 మేలో లేక్‌సైడ్ దళం మళ్ళీ యూరప్ చేరింది. ఆ యుద్ధంలో యూరప్‌లో అడుగుపెట్టిన మొదటి అమెరికా సైనిక దళం తుపాకులు పట్టినది కాదు, ఈ ఆసుపత్రి దళమే.

యుద్ధం నుంచి తిరిగి వచ్చాక, వైద్యులు విడివిడిగా కాక ఒకే కప్పు కింద కలిసి పనిచేయాలన్న ఆలోచనతో బంట్స్, లోయర్, ఫిలిప్స్ అనే ముగ్గురు డాక్టర్లతో కలిసి 1921 ఫిబ్రవరిలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌ను ప్రారంభించారు. మరుసటి నెలలోనే, స్పెయిన్ దేశంలో ఫిడెల్ పాజెస్ అనే సైనిక వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించారు. వెన్నుపూసల మధ్య సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు బయటే మందు పెడితే కడుపు నరాలన్నీ ఒకేసారి మొద్దుబారతాయన్నది దాని సారాంశం. క్రైల్ ఒక్కో పొరకూ సూదితో చేస్తున్న పని అక్కడ ఒక్క సూదితో అవుతుంది. అదే ఎపిడ్యూరల్. పాపం, పాజెస్ 1923లోనే రోడ్డు ప్రమాదంలో మరణించారు. స్పానిష్‌లో ఉన్న ఆ వ్యాసం ఏళ్ళ తరబడి లోకానికి అందలేదు. 1931లో ఇటలీ వైద్యుడు డోగ్లియొట్టి అదే విషయాన్ని విడిగా చెప్పాక గానీ ఎపిడ్యూరల్ పేరు బయటికి రాలేదు.

1929 మే 15న క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ నేలమాళిగలో నిల్వ ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకున్నాయి. అప్పటి ఫిల్ములు నైట్రోసెల్యులోజ్‌తో చేసినవి. మంట కన్నా దాని విషవాయువు ఎక్కువమందిని చంపింది. మొత్తం 123 మంది మరణించారు. వారిలో స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ జాన్ ఫిలిప్స్ కూడా ఉన్నారు. బంట్స్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. అప్పటికి క్రైల్ వయసు అరవై నాలుగు. లోయర్‌తో కలిసి మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టారు. ఆసుపత్రులలో ఫిల్ములు దాచే నియమాలు ఆ ప్రమాదం తరువాతే కఠినమయ్యాయి.

ఆయన పొరపాట్లు కూడా చెప్పకపోతే ఈ కథ సగమే. షాక్‌కు కారణం మెదడు కణాలు అలసిపోవడమని ఆయన సిద్ధాంతం. అది తప్పు. రక్తనాళాల్లో తిరిగే రక్తం, ద్రవం తగ్గిపోవడమే గాయాల షాక్‌కు ముఖ్య కారణమని 1930లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ప్రయోగాలతో చూపారు. చిత్రమేమిటంటే, ఆ ద్రవాన్ని తిరిగి నింపే రక్త మార్పిడిని అమెరికాలో చేసి చూపినవారిలో క్రైల్ ముందున్నారు. మందు చేతిలో ఉంది, కారణం మాత్రం వేరే చోట వెతికారు. చివరి దశలో శరీరం విద్యుత్ యంత్రమనే ఊహలో పడిపోయారు. జంతువుల గ్రంథులు తూచడానికి ఆఫ్రికా దాకా వెళ్ళారు. రక్తపోటు, పేగుపూత వంటి రోగాలకు అడ్రినల్ గ్రంథుల నరాలు కత్తిరించే ఆపరేషన్లు వందల మందికి చేశారు. వాటిని వైద్యలోకం తరువాత వదిలేసింది. ఆ రోగులకు ఏం మిగిలిందో అని మాకు అనిపిస్తుంది. చివరి ఏళ్ళలో నీటికాసుల వ్యాధితో చూపు తగ్గిపోయింది. 1943 జనవరి 7న క్లీవ్‌ల్యాండ్‌లో మరణించారు.

సిద్ధాంతం పోయింది గానీ పద్ధతి పోలేదు. 1926లో మేయో క్లినిక్ వైద్యుడు జాన్ లండీ, ఒకే మందును ఎక్కువగా ఇచ్చే బదులు పలు మందులను కొద్దికొద్దిగా కలిపి ఇచ్చే విధానానికి సమతుల్య మత్తు అని పేరు పెట్టారు. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, గాయం తరువాత వెన్నుపాములోని నరకణాలు మరింత సున్నితమై చిన్న తాకిడికే ఎక్కువగా స్పందిస్తాయని తేలింది. క్రైల్ మెదడులో వెతికిన ముద్ర ఒకటి వెన్నులో దొరికింది.

ఇప్పుడు పెద్ద కడుపు ఆపరేషన్‌లో రెండూ కలిపి ఇచ్చే తీరు ఇది. చాలాచోట్ల రోగి మెలకువగా ఉండగానే కూర్చోబెట్టి, వీపు వంచమని చెప్పి, రొమ్ము వెనుక భాగపు వెన్నుపూసల మధ్య సూది దించి, దారం లాంటి సన్నని గొట్టం లోపల ఉంచుతారు. తరువాత పూర్తి మత్తు ఇచ్చి, కండరాలు సడలించి, శ్వాస యంత్రానికి కలుపుతారు. గొట్టం ద్వారా వెళ్ళే మందు కడుపు నరాలను అడ్డగిస్తుంది కనుక నిద్ర మందు, మార్ఫిన్ జాతి మందు తక్కువ సరిపోతాయి. గొట్టం రెండు మూడు రోజులు ఉంచుతారు. రోగి మర్నాడే గట్టిగా దగ్గగలడు, లేచి కూర్చోగలడు, పేగులు త్వరగా కదులుతాయి.

ఇది సర్వరోగ నివారిణి కాదు. 2000లో 141 పరిశోధనల్లోని 9,559 మంది రోగుల ఫలితాలను కలిపి చూస్తే, వెన్ను మందు ఇచ్చినవారిలో మరణాలు మూడింట ఒక వంతు తక్కువ కనిపించాయి. 2002లో ఆస్ట్రేలియా వైద్యుల ఆధ్వర్యంలో తొమ్మిది వందల మంది దాకా ప్రమాదకర స్థితిలోని రోగుల మీద జరిగిన పరీక్షలో మరణాల్లో తేడా తేలలేదు. నొప్పి మాత్రం బాగా తగ్గింది, ఊపిరి ఆడక ఇబ్బంది పడటం తగ్గింది. రక్తపోటు పడిపోవడం ఈ పద్ధతిలో మామూలుగా వచ్చే చిక్కు, అందుకే బీపీ చూస్తూనే ఉంటారు. అరుదుగా వెన్నులో నెత్తురు గడ్డకట్టి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లకు చాలాచోట్ల ఎపిడ్యూరల్ అవసరం పడటం లేదు.

కనుక ఇంట్లో ఎవరికైనా ఈ రెండూ కలిపి ఇస్తామని చెబితే, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, వీపు మీద పుండు గానీ జ్వరం గానీ ఉందా అన్న సంగతి మత్తు డాక్టరు అడగకముందే చెప్పండి. మందుల చీటీలు అన్నీ వెంట తీసుకువెళ్ళండి. ఆపరేషన్ అయ్యాక కాళ్ళు కదలకపోయినా, కొత్తగా నడుములో తీవ్రమైన నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే నర్సును పిలవండి.